కోటను చదవడం: రోమన్ అశ్వికదళ కోట, దంతపురం మట్టికోట

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక కోటను ఎందుకు కట్టారో పురావస్తు ఆధారాలతో ఎలా నిర్ణయిస్తారో చెప్పగలుగుతారు.
• హేడ్రియన్ గోడ మీది రోమన్ అశ్వికదళ కోటల నిర్మాణాన్ని, ప్రయోజనాన్ని వివరించగలుగుతారు.
• ప్రాచీన కళింగంలో గుర్రాలకు, ఏనుగులకు ఉన్న స్థానాన్ని పోల్చగలుగుతారు.
• దంతపురం మట్టికోట స్వభావాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

కళింగపట్నం దీపస్తంభం దగ్గర నిలబడితే వంశధార సముద్రంలో కలిసే చోటు కనబడుతుంది. నది వెంట కొద్ది కిలోమీటర్లు ఎగువకు వెళితే దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ, దాని మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ స్థలాన్ని గుర్తించారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా మీకు తెలిసినవారే ఆయన. ఇంకా లోతట్టుకు వెళితే సరుబుజ్జిలి మండలంలో దంతపురం ఉంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దీన్ని దంతవక్త్రుని కోట అంటారు.

చాలా ఏళ్ల కిందట విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్లాను. మట్టికట్ట ఎక్కి నిలబడ్డాక ఒకమ్మాయి చుట్టూ చూసి, "కోట ఎక్కడుంది సార్? ఇది చెరువు గట్టులా ఉంది కదా!" అని అడిగింది. తోటివాళ్లు నవ్వారు. కానీ అది నవ్వవలసిన ప్రశ్న కాదు. కోట అనగానే మన కళ్లముందు గోల్కొండో కొండవీడో మెదులుతుంది. రాతి గోడ, బురుజు, ఫిరంగి లేకపోతే అది కోట కాదనుకుంటాం. ఈ పాఠం ఆ అమ్మాయికి ఆనాడు నేను తొందరలో ఇచ్చిన జవాబును కొంచెం నిదానంగా చెప్పే ప్రయత్నం.

చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. కోట ప్రయోజనం గోడ ఎత్తును బట్టి తెలియదు. ద్వారాలను బట్టి, లోపలి నేలను బట్టి, చుట్టూ ఉన్న ప్రదేశాన్ని బట్టి తెలుస్తుంది. దీనికి ముందుగా బాగా తవ్వి, బాగా పరిశీలించిన ఒక ఉదాహరణ కావాలి. అందుకు బ్రిటన్‌లోని రోమన్ అశ్వికదళ కోటను తీసుకుందాం. అక్కడ నేర్చుకున్న పద్ధతితో మన దంతపురానికి తిరిగి వద్దాం. కళింగ తీరంలో రోమన్లు కోట కట్టలేదు. మనం అరువు తెచ్చుకునేది పద్ధతిని మాత్రమే, జవాబును కాదు.

2. కోటను అడగవలసిన మూడు ప్రశ్నలు

ఏ కోటకు వెళ్లినా మీరు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

అ) ద్వారాలు ఎన్ని? అవి ఎటు తెరుచుకుంటాయి? దాక్కోవడానికి కట్టిన కోటకు ద్వారాలు తక్కువగా, ఇరుకుగా ఉంటాయి. బయటికి వేగంగా వెళ్లడానికి కట్టిన కోటకు వెడల్పాటి ద్వారాలు ఎక్కువగా ఉంటాయి.

ఆ) లోపల ఎవరు, ఎలా బతికారు? పొయ్యిలు, కుండపెంకులు, ధాన్యపు కొట్లు, లాయాలు, పూజాస్థలాలు ఈ ప్రశ్నకు జవాబు చెబుతాయి.

ఇ) కోట దేనికి దగ్గరగా ఉంది? నది, రేవు, దారి, సరిహద్దు, పంటభూమి, వీటిలో ఏది కోట చేతి కింద ఉందో చూడాలి.

గోడ గురించిన ప్రశ్న వీటి తరువాతే వస్తుంది.

3. హేడ్రియన్ గోడ మీది అశ్వికదళ కోట

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ ఆజ్ఞతో క్రీ.శ. 122లో ఉత్తర బ్రిటన్‌లో ఒక సరిహద్దు గోడ నిర్మాణం మొదలైంది. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా దాని పొడవు సుమారు 117 కిలోమీటర్లు. గోడ వెంట వరుసగా కోటలు కట్టారు. వాటిలో ఉత్తర టైన్ నది ఒడ్డున ఉన్న చెస్టర్స్ కోట ప్రధానంగా అశ్వికదళానిది. రోమన్లు దీన్ని కిలుర్నుం అనేవారు. ఇక్కడ సుమారు 500 మంది రౌతులున్న దళం ఉండేది. రోమన్ సైన్య పరిభాషలో ఇలాంటి అశ్వికదళం పేరు 'ఆలా'. స్పెయిన్ ఉత్తర ప్రాంతమైన అస్టూరియాస్ పేరు మీద ఏర్పడిన దళం ఇక్కడ చాలాకాలం ఉన్నట్టు శాసనాలు చెబుతున్నాయి.

3.1 ద్వారాల సాక్ష్యం

చెస్టర్స్ కోట మూలలు గుండ్రంగా తిరిగిన దీర్ఘచతురస్రం. విస్తీర్ణం ఆరు ఎకరాల లోపే. అంత చిన్న కోటకు ఆరు ద్వారాలున్నాయి. నాలుగు పెద్దవి, రెండు చిన్నవి. పెద్ద ద్వారాలకు ఒక్కొక్కదానికి రెండేసి దారులు. కోటను గోడకు అడ్డంగా కట్టారు. అందువల్ల నాలుగు పెద్ద ద్వారాలలో మూడు గోడకు ఉత్తరం వైపునే తెరుచుకుంటాయి. అంటే శత్రువు వచ్చే అవకాశమున్న వైపుకే!

దాక్కోవాలనుకునేవాడు శత్రువు వైపు మూడు పెద్ద తలుపులు పెట్టుకోడు. ఈ కోట ఉద్దేశం గోడ వెనక నిలబడి కాచుకోవడం కాదు. కబురు అందగానే రౌతులు మూడు దిక్కుల నుంచి ఒకేసారి బయటికి దూకాలి, గస్తీ తిరగాలి, దూరంగానే శత్రువును ఎదుర్కోవాలి. ఒక్క ద్వారాల లెక్కతోనే కోట ప్రయోజనం సగం తేలిపోయింది.

3.2 లోపలి నేల సాక్ష్యం

అశ్వికదళ కోటలో గుర్రాలు ఎక్కడ ఉండేవి? విడిగా లాయాలుండేవని పరిశోధకులు చాలాకాలం అనుకున్నారు. అదే గోడ తూర్పు కొసన వాల్‌సెండ్ కోటలో 1990ల చివర జరిపిన తవ్వకాలు ఈ ప్రశ్నను తేల్చాయి. సైనికుల వసతిగృహంలో గదులు జంటలుగా ఉన్నాయి. వెనక గదిలో పొయ్యి ఉంది. ముందు గది నేలలో పొడవాటి గుంట ఉంది. అది గుర్రాల మూత్రం ఇంకడానికి తవ్వినది. వెనక గదిలో ముగ్గురు రౌతులు, ముందు గదిలో వారి మూడు గుర్రాలు ఉండేవన్నమాట. ఒక్కొక్క వసతిగృహంలో ఇలాంటి జంట గదులు తొమ్మిది, చివర అధికారి నివాసం. ముప్పై మందికి అటూ ఇటూగా ఉండే 'తుర్మా' అనే రౌతుల జట్టుకు ఈ లెక్క సరిపోతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ నిర్ణయానికి ఆధారం కత్తి కాదు, కిరీటం కాదు. నేలలో ఒక గుంట. కౌటిల్యుని పేరున ఉన్న అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని గురించిన అధ్యాయం కూడా గుర్రానికి విడిచోటు, నున్నటి పలకల నేల, మేత తొట్టి, మలమూత్రాలు పోవడానికి దారి ఉండాలని చెబుతుంది. వేల మైళ్ల దూరంలో ఉన్నా గుర్రాన్ని మేపేవాళ్లందరికీ ఒకే ఇబ్బంది, ఒకే రకమైన పరిష్కారం. మన దేశంలో తవ్వేవారు కూడా నేలలో ఇలాంటి కాలువల కోసం చూడాలని ఈ గ్రంథం గుర్తుచేస్తోంది.

3.3 పొరల సాక్ష్యం, కాగితం లేని కాలపు హాజరుపట్టీ

చెస్టర్స్ కోట అడుగున తవ్వినప్పుడు ముందుగా కట్టిన సరిహద్దు గోడ పునాది, ఒక చిన్న కాపలా బురుజు పునాది, పూడ్చివేసిన కందకం బయటపడ్డాయి. కింది పొర పాతది, పై పొర కొత్తది అనే స్తరవిన్యాస సూత్రం మీకు తెలుసు. దాన్ని ఇక్కడ అన్వయిస్తే, మొదట అనుకున్న ప్రణాళికలో ఈ కోట లేదని, గోడ పని మొదలైన తరువాత ఆలోచన మార్చుకొని దళాలను గోడ దగ్గరికే తెచ్చారని అర్థమవుతుంది.

గోడకు కొంచెం దక్షిణాన ఉన్న విండొలాండా కోటలో 1973 నుంచి పలుచని చెక్కరేకుల మీద సిరాతో రాసిన లేఖలు, లెక్కలు దొరుకుతున్నాయి. అందులో గోడకు ముందుకాలపు ఒక పదాతిదళం హాజరుపట్టీ ఉంది. దళంలో మొత్తం 752 మంది. వారిలో 456 మంది ఆ రోజు బయట పనుల మీద ఉన్నారు. కోటలో ఉన్నవారు 296 మందే. వారిలో జబ్బుపడినవారు, గాయపడినవారు, కండ్లకలకతో ఉన్నవారు కలిసి 31 మంది. కోట అంటే ఎప్పుడూ నిండుగా ఉండే సైనిక గృహం కాదు, మనుషులు బయలుదేరి వెళ్లి తిరిగి వచ్చే మకాం అని ఈ పట్టీ స్పష్టంగా చూపుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - I
1. చెస్టర్స్ కోట ద్వారాలు ఉత్తరానికి తెరుచుకోవడం వల్ల ఏం తెలుస్తుంది?
2. వాల్‌సెండ్‌లో గుర్రాలు ఉన్న చోటును ఏ ఆధారంతో గుర్తించారు?

4. కళింగంలో గుర్రం, ఏనుగు

ఇప్పుడు మన తీరానికి వద్దాం. చంద్రగుప్త మౌర్యుని కాలంలో వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు సమాచారం ఆధారంగా, రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 77 నాటి తన గ్రంథంలో కళింగ రాజు సైన్యాన్ని పేర్కొన్నాడు: 60,000 పదాతులు, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు. విదేశీ రచయితల సంఖ్యలను అక్షరాలా నమ్మకూడదు. అయినా నిష్పత్తి చూడండి. అరవై మంది కాల్బలానికి ఒక్క గుర్రం. గుర్రాలతో దాదాపు పోటీపడే సంఖ్యలో ఏనుగులు.

కారణం భూగోళంలో ఉంది. అర్థశాస్త్రం మేలుజాతి గుర్రాలకు కాంభోజ, సింధు వంటి వాయవ్య ప్రాంతాలను పేర్కొంటుంది. మేలుజాతి ఏనుగులకు కళింగ, అంగ దేశాలను పేర్కొంటుంది. తేమ ఎక్కువగా ఉండే తూర్పు తీరంలో గుర్రం దూరం నుంచి కొని తెచ్చుకోవలసిన ఖరీదైన వస్తువు. ఏనుగు వెనక ఉన్న తూర్పు కనుమల అడవుల్లోదే. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరిలోని ఖారవేలుని హాథిగుంఫా శాసనం అతని సైన్యంలో గుర్రాలు, ఏనుగులు, మనుషులు, రథాలు నాలుగింటినీ చెబుతుంది. కాబట్టి కళింగంలో అశ్వికదళం లేకపోలేదు. కానీ అయిదువందల మంది రౌతుల కోసమే ఒక కోట కట్టుకునే రోమన్ పద్ధతి ఈ నేలకు ఇమడదు. మన కోట వేరే అవసరం నుంచి పుట్టింది.

5. దంతపురం మట్టికోట

5.1 పేరు, ప్రస్తావనలు

బౌద్ధ వాఙ్మయంలో దీఘనికాయంలోని మహాగోవింద సుత్తం కళింగుల నగరంగా దంతపురాన్ని పేర్కొంటుంది. బుద్ధుని దంతధాతువు ఇక్కడి నుంచే సింహళానికి వెళ్లిందని బౌద్ధ సంప్రదాయం. ప్లినీ పేర్కొన్న 'దండగుడ' పట్టణం ఇదేనని కొందరు పండితులు భావించారు. టెక్కలి ప్రాంతంలోని జిర్జింగి రాగిరేకులను తూర్పు గాంగ రాజు ఇంద్రవర్మ గాంగశకం 39వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 6వ శతాబ్దిలో, దంతపురం నుంచి జారీ చేశాడు. తరువాత గాంగుల రాజధాని అయిన కళింగనగరం వంశధార ఒడ్డునే ఉన్న నేటి ముఖలింగమని చరిత్రకారులు ఎక్కువమంది అంగీకరిస్తారు.

సాహిత్యంలోని దంతపురం ఒడిశా తీరంలోని పాలూరు అనీ, పూరీ అనీ వాదించినవారూ ఉన్నారు. ఊరి పేరు, గ్రంథంలోని పేరు కలిసినంత మాత్రాన గుర్తింపు పూర్తికాదు. అలాగే భారతంలోని దంతవక్త్రుడు ఈ కోటను ఏలాడన్నది జనశ్రుతి. జనశ్రుతిని చిన్నచూపు చూడకండి. ఆ కథ ఉండబట్టే తరతరాలుగా జనం ఆ కట్టను కోటగా గుర్తుపెట్టుకున్నారు. కానీ దాన్ని కాలనిర్ణయానికి వాడకండి.

5.2 మట్టితో కోట ఎలా కడతారు?

'చెరువు గట్టులా ఉంది' అన్న ఆ అమ్మాయి మాటలో నిజముంది. పని పద్ధతి ఒకటే. ఒకచోట తవ్వితే గుంట, ఆ మట్టి పక్కన పోస్తే కట్ట. చెరువులో గుంట లోపలికి ఉంటుంది. కోటలో గుంట బయటికి ఉండి కందకమవుతుంది. కట్ట ఎక్కినప్పుడు పల్లం ఏ వైపున ఉందో చూడండి. అదే మొదటి ఆధారం.

అర్థశాస్త్రం ఈ పనిని వివరంగా చెప్పింది. కందకం తవ్విన మట్టితోనే కట్ట పోయాలి. ఏనుగులతో, ఎద్దులతో తొక్కించి గట్టిపరచాలి. దాని మీద ముళ్లపొదలు, విషపు తీగలు పెంచాలి. కట్ట ఎత్తు ఆరు దండాలు, అడుగు వెడల్పు దానికి రెట్టింపు. దండాన్ని సుమారు ఆరు అడుగులుగా లెక్కిస్తే 36 అడుగుల ఎత్తు, 72 అడుగుల వెడల్పు. ఇవి గ్రంథంలోని ఆదర్శ కొలతలు. నిజమైన కొలతలకు భువనేశ్వర్ పక్కన ఉన్న శిశుపాలగఢ్ మంచి ఉదాహరణ. 1948లో బి.బి. లాల్ అక్కడ కోటకట్టను అడ్డంగా కోసి పరిశీలించారు. మొదటి దశలో కట్ట మట్టిదే. ఎత్తు సుమారు 25 అడుగులు, అడుగు వెడల్పు 110 అడుగులకు పైగా. తరువాతి దశల్లో మొరం, ఆపైన ఇటుక గోడలు వచ్చాయి. నాలుగు వైపులా రెండేసి చొప్పున ఎనిమిది ద్వారాలు. ఖారవేలుని కళింగనగరి ఇదేనని చాలామంది భావిస్తారు.

5.3 విస్తీర్ణం చెప్పే సంగతి

దంతపురం కోట విస్తీర్ణం సుమారు 500 ఎకరాలని చెబుతారు. చెస్టర్స్ కోటకు ఇది ఎనభై రెట్లకు పైగా. ఈ ఒక్క అంకెతో చిన్న లెక్క వేద్దాం. 500 ఎకరాలంటే రెండు చదరపు కిలోమీటర్లు. ఆ భూమిని ఏ ఆకారంలో చుట్టినా కట్ట పొడవు 5 కిలోమీటర్లకు తగ్గదు. చదరంగా చుట్టితే 5.7 కిలోమీటర్లు. రెండు మీటర్లకు ఒక కాపలాదారును నిలబెట్టాలన్నా 2,500 మంది కావాలి. చెస్టర్స్ చుట్టుకొలత సుమారు 600 మీటర్లే. అక్కడి 500 మందికి అది సరిపోతుంది.

అంటే దంతపురాన్ని ఒక సైనిక దళం కాపాడలేదు. కట్ట పోయడానికైనా, కాయడానికైనా లోపల, చుట్టుపక్కల వేలమంది జనం ఉండాలి. ఇది దండు దిగిన మకాం కాదు. కోటగోడ ఉన్న నగరం. లోపల దొరికిన కుండపెంకులు, పూసలు, బౌద్ధ స్తూపాల అవశేషాలు ఈ నిర్ణయానికే బలం చేకూరుస్తాయి. సైనికులు మాత్రమే ఉండే చోట స్తూపాల అవసరం అంతగా రాదు.

5.4 మరి కట్ట ఎందుకు?

ఒకటి, వ్యాపారం. వంశధార, నాగావళి లోయల ధాన్యం, కొండల సరుకు రేవులకు చేరాలంటే లోతట్టున నిల్వచేసి, సుంకం వసూలుచేసే భద్రమైన చోటు కావాలి. నగరం రేవులోనే కాక నదికి ఎగువన ఉంటే సముద్రపు దొంగల నుంచి, ఉప్పెనల నుంచి కొంత రక్షణ. శాలిహుండంలో దొరికిన చక్రాంకిత పాత్రల పెంకులు ఈ తీరం దూరతీరాలతో కలిసి ఉందనడానికి గుర్తు. ఈ పాత్రలను ఒకప్పుడు మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చినవనుకున్నారు. తరువాత మట్టి పరీక్షలు అవి భారతదేశంలోనే తయారయ్యాయని చూపాయి. 'రోమన్' అనే మాటను తొందరపడి వాడకూడదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

రెండు, పరిపాలన. గంజాం జిల్లా జౌగడలో అశోకుని శాసనాలున్న బండ ఒక మట్టికోట లోపలే ఉంది. సమాపా నగరంలో న్యాయం చూసే మహామాత్రులకు, ఎవరినీ అకారణంగా బంధించి హింసించవద్దని చక్రవర్తి ఆజ్ఞ అది. కళింగపు మట్టికోట లోపల కచేరీ, న్యాయస్థానం ఉండేవనడానికి ఇంతకన్న సూటి ఆధారం అక్కర్లేదు.

మూడు, గాలివాన. హాథిగుంఫా శాసనంలో ఖారవేలుడు పట్టాభిషేకమైన మొదటి ఏడాది చేసిన పనిగా చెప్పుకొన్నది యుద్ధం కాదు. తుపానుకు దెబ్బతిన్న కళింగనగరి ద్వారాలు, ప్రాకారాలు, ఇళ్లు బాగుచేయించడం! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లాలో ఉన్నవారికి ఆ వాక్యం ఇట్టే అర్థమవుతుంది. రెండువేల ఏళ్ల కిందట కూడా తుపాను తరువాత రాజు ఏం చేశాడని జనం చూసేవారు. కట్టను నిలబెట్టడం సైనిక విషయమే కాదు, రాజ్యం ఉందని జనానికి చూపడం కూడా.

మీ ప్రగతిని సరిచూసుకోండి - II
3. కళింగ సైన్యంలో గుర్రాల కన్న ఏనుగులకు ప్రాధాన్యం రావడానికి కారణమేమిటి?
4. దంతపురాన్ని సైనిక మకాం అనకుండా కోట ఉన్న నగరం అనడానికి విస్తీర్ణం ఎలా తోడ్పడుతుంది?

6. మట్టికోటకు ఉన్న ముప్పు

రాతికోట కూలితే అందరికీ తెలుస్తుంది. మట్టికోట తరిగిపోతే ఎవరికీ తెలియదు. ఏటా వాన కొంత కోస్తుంది. నాగలి కొంత చదును చేస్తుంది. ఇంటి పునాదికో, బాటకో నాలుగు బళ్ల మట్టి తీస్తే 'మట్టే కదా' అనుకుంటాం. కానీ చెస్టర్స్ చరిత్ర మార్చింది పూడ్చిన కందకం. వాల్‌సెండ్‌లో గుర్రాల గదిని చూపింది నేలలో గుంట. శిశుపాలగఢ్ దశలు తెలిసింది కట్టను కోసి చూసినందువల్ల. మట్టికోటలో సాక్ష్యం మట్టే. పొర చెదిరిన మట్టిని తిరిగి పోసినా కట్ట అవుతుందేమో గాని సాక్ష్యం కాదు. అక్కడ దొరికిన పూసను జేబులో వేసుకుని తెచ్చినా అంతే. ఏ పొరలో ఉందో తెలియని పూస ఉత్త పూసే.

మీలో చాలామంది ఊళ్లలోనే ఉండి, పని చేసుకుంటూ చదువుతున్నవారు. తవ్వకాలు చేసే సంస్థలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. కట్ట పక్క పొలంలో రోజూ నడిచేది మీరే. కాబట్టి చూడడం నేర్చుకోండి, కొత్తగా ఏదైనా బయటపడితే కదపకుండా పురావస్తు శాఖకు తెలియజేయండి.

7. సారాంశం

రోమన్ అశ్వికదళ కోట చిన్నది. దాని ద్వారాలు బయటికి దూకడానికి, గదులు మనిషిని గుర్రాన్ని కలిపి ఉంచడానికి కట్టినవి. అది సైన్యపు మకాం. దంతపురం విశాలమైనది. దాని కట్ట జనాన్ని, సరుకును, పాలనను చుట్టినది. అది నగరం. రెండింటికీ గోడ, కందకం ఉన్నాయి. కాబట్టి గోడను చూసి రెండూ ఒకటే అనుకోకూడదు. ఆనాడు ఆ అమ్మాయికి ఇవ్వవలసిన జవాబు ఇది: "నువ్వు నిలబడింది గట్టు మీదేనమ్మా. కోట నీ ముందున్న పొలాల కింద ఉంది."

8. కీలక పదాలు

ఆలా: సుమారు 500 మంది రౌతులుండే రోమన్ అశ్వికదళం.
తుర్మా: ఆలాలో ముప్పై మందికి అటూ ఇటూగా ఉండే రౌతుల జట్టు.
కందకం: కోట చుట్టూ తవ్విన అగడ్త.
స్తరవిన్యాసం: భూమి పొరల క్రమాన్ని బట్టి ముందు వెనకలు నిర్ణయించే పద్ధతి.
చక్రాంకిత పాత్రలు: లోపలి అడుగున వలయాలుగా సన్నని గాట్లున్న నున్నటి మట్టిపాత్రలు.

9. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కోట ప్రయోజనాన్ని నిర్ణయించడంలో ద్వారాలు, లోపలి నేల, పరిసరాల పాత్రను సోదాహరణంగా వివరించండి.
2. చెస్టర్స్, దంతపురం కోటలను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విండొలాండా హాజరుపట్టీ ప్రాముఖ్యం.
2. హాథిగుంఫా శాసనంలో తుపాను ప్రస్తావన.

10. మీరు చేయవలసిన పని

మీ ఊరికి దగ్గరలోని ఒక పాత కట్ట, దిబ్బ లేదా కోట దగ్గరికి వెళ్లండి. పల్లం ఏ వైపున ఉందో, దారి ఎటు నుంచి వచ్చిందో, నీరు ఎంత దూరంలో ఉందో ఒక పేజీలో రాసి, చేత్తో పటం గీయండి. అక్కడి పెద్దలు చెప్పే కథను విడిగా రాయండి. మీ కళ్లతో చూసినది ఒక పక్కన, విన్నది మరో పక్కన. ఏ పెంకునూ అక్కడి నుంచి తేవద్దు.